మనుమరాలితో మాట్లాడడానికి ఇంగ్లీషు పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: హనుమకొండ బాపమ్మ

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ, నా వయసు 58. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఆ తరువాత ఇల్లు, పిల్లలు, వ్యవసాయపు లెక్కలు తప్ప పుస్తకాల జోలికి పోయే తీరిక దొరకలేదు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. దుకాణాల బోర్డులు, మందుల డబ్బాల మీది పేర్లు, బ్యాంకు నుంచి వచ్చే సందేశాలు కూడబలుక్కొని చదవగలను. అయితే ఎవరైనా ఎదురుగా ఇంగ్లీషులో మాట్లాడితే ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకో మాట ఎక్కడ మొదలయిందో కూడా నా చెవికి అందదు.

మా అబ్బాయి కుటుంబం అమెరికాలోని డాలస్‌లో ఉంటుంది. మనుమరాలికి ఏడేళ్లు. నేను తెలుగులో చెప్పేది ఆ పిల్లకు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ జవాబును కోడలు నాకు విడమరచి చెప్పేలోగా పిల్ల ఫోను వదిలి వేరే గదిలోకి వెళ్లిపోతుంది. వారు సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడూ ఇదే వరుస. పిల్లకు తెలుగు నేర్పండని కొడుకును, కోడలిని అడుగుతూనే ఉన్నాను. అయితే నా వైపు నుంచి నేను చేయగలిగినది చేయకుండా ఎప్పుడూ వారినే అనడం న్యాయం కాదని తోస్తున్నది.

నాకు చేతనైనది పాట. మా వాడకట్టులో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునే బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. ఒకసారి విన్న బాణీని అంత తొందరగా మరువను. మనుమరాలు కూడా పాటల పిల్లే, బడిలో నేర్పినవన్నీ ఫోనులో పాడి వినిపిస్తుంది. అందువల్ల ఇంగ్లీషును వ్యాకరణం వైపు నుంచి కాకుండా పాట వైపు నుంచి పట్టుకోవచ్చునా అన్న ఆలోచన వచ్చింది. ఈ వయసులో అది సాధ్యమేనా? పాటతో వచ్చిన మాటలు మాట్లాడేటప్పుడు అక్కరకు వస్తాయా, లేక అర్థం తెలియని మంత్రంలా నోటికి మాత్రమే మిగులుతాయా? పిల్లల పాటలతో మొదలుపెట్టాలా, పెద్దల పాటలతోనా?

ఇంకొక్క మాట. మా వాడకట్టులో నావంటి వారే మరికొందరు ఉన్నారు, అందరి పిల్లలూ పరాయి దేశాల్లోనే ఉన్నారు. నక్కలగుట్ట వైపు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవారు చాలామందే ఉన్నా, అక్కడికి వచ్చేది ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు. వారి మధ్య కూర్చోవడానికి మాకు మొహమాటం. మేమంతా కలిసి పాడుకుంటూ నేర్చుకునే దారి ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

జవాబు: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, కాజీపేట

సోదరి గారికి నమస్కారం. డిగ్రీ కళాశాలలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ఇబ్బందిని మీరే చక్కగా పట్టుకున్నారు: అర్థం కన్నా ముందు మీకు అందనిది మాటల మధ్య హద్దు. తెలుగులో ప్రతి అక్షరమూ తన మాత్రల కాలాన్ని దాదాపుగా నిలుపుకుంటుంది, పదం చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి వినేవారికి హద్దులు సులువుగా తెలుస్తాయి. ఇంగ్లీషు నడక వేరు. వాక్యంలో ముఖ్యమైన పదాల్లోని ఒక్కొక్క అక్షరం మీద గట్టిగా ఊని, మధ్యలో వచ్చే 'టు', 'ఆఫ్', 'అండ్' వంటి చిన్న పదాలను నలిపివేసి, ఒక పదం చివరి హల్లును తరువాతి పదం మొదటి అచ్చుతో అతికించి పలుకుతారు. కాగితం మీద 'పిక్ ఇట్ అప్' అని మూడు పదాలుగా కనిపించేది నోట్లో 'పికిటప్' అయిపోతుంది. మన బడులు మనకు నేర్పింది కాగితం మీది ఇంగ్లీషు. అందుకే చదివితే తెలిసిన మాట వింటే తెలియదు. ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే అనుకోవద్దు, ఎం.ఏ. ఆంగ్లం చదివిన నా విద్యార్థులలో కూడా ఇదే చూశాను.

పాట సరిగ్గా ఇక్కడే ఉపయోగపడుతుంది. బాగా కట్టిన ఇంగ్లీషు పాటలో తాళం గట్టిగా పడే చోటు, మాటలో ఊనిక పడే చోటు ఒకటే అయి ఉంటాయి. మీకు ఇప్పటికే నోటికి వచ్చిన ఒక ఇంగ్లీషు పాటతోనే దీన్ని పరీక్షించుకోవచ్చు. అది పుట్టినరోజు పాట. అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన పాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెళ్లు చిన్నపిల్లల బడిలో ఉదయం పలకరింపు కోసం కట్టి 1893లో ప్రచురించిన పాటకు ఇదే బాణీ, పుట్టినరోజు మాటలు తరువాత చేరాయి. దాన్ని చేత్తో చప్పట్టు వేస్తూ పాడండి. మూడు మూడు దెబ్బల నడక అది. 'హ్యాపీ' అన్నది తాళానికి ముందే ఎత్తుగడగా వస్తుంది, గట్టి దెబ్బ 'బర్త్' మీద పడుతుంది, మరో గట్టి దెబ్బ 'యూ' మీద పడుతుంది. మనం మామూలుగా ఈ మాటలను అన్నింటికీ సమానమైన బరువు ఇచ్చి అంటాం. పాటలో మాత్రం తెలియకుండానే ఇంగ్లీషువారు అన్నట్టు అంటున్నాం.

దీనిలో ఇంకొక మేలు ఉంది. మనకు హల్లుతో ఆగడం అలవాటు లేదు కాబట్టి 'బస్' అనేది బస్సు, 'కేక్' అనేది కేకు, 'బర్త్ డే' అనేది బర్తుడే అవుతాయి. మాట్లాడేటప్పుడు ఇలా ఒక అచ్చు అదనంగా చేరితే ఎవరూ ఆపరు. పాటలో చేరితే ఒక అక్షరం ఎక్కువై తాళం తప్పుతుంది, మీవంటి లయజ్ఞానం ఉన్నవారికి ఆ తప్పు వెంటనే చెవికి తగులుతుంది. వేరే ఉపాధ్యాయుడు లేకుండానే ఉచ్చారణ దిద్దుకునే వీలు అది. వ్యాకరణం చదువుకొని వచ్చిన యువకులకు లేని సౌకర్యం మీకున్నదని నా నమ్మకం.

వయసు గురించి అడిగారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 60 మంది పెద్దవారిని మూడు గుంపులు చేసి, వారికి తెలియని హంగేరియన్ భాషలోని చిన్న చిన్న మాటలను పావుగంట పాటు నేర్పారు. ఒక గుంపు వాటిని విని మామూలుగా తిరిగి అన్నది, రెండవది లయబద్ధంగా అన్నది, మూడవది పాడింది. తరువాత పెట్టిన పరీక్షలలో మొత్తం మీద పాడినవారే మెరుగ్గా గుర్తుంచుకున్నారు. పావుగంట ప్రయోగం నుంచి ఒక భాష మొత్తం వచ్చేస్తుందని ఎవరూ అనరు, కానీ పాట చిన్నపిల్లలకే పరిమితమైన సాధనం కాదని చెప్పడానికి ఇది చాలు.

పద్ధతి విషయానికి వస్తే, ఒక పాటను మొదట మాటలు చూడకుండా వినండి, మీ చెవికి అందిన ముక్కలు తెలుగు లిపిలోనే రాసుకోండి, ఆ తరువాత అచ్చులో ఉన్న మాటలతో పోల్చి చూడండి. మీరు వినలేకపోయిన చోట్లు చాలావరకు ఆ నలిగిన చిన్న పదాలే అయి ఉంటాయి. యూట్యూబులో వేగాన్ని 0.75కు తగ్గించుకునే వీలుంది, మొదటి రోజుల్లో దాన్ని వాడుకోండి. ఇంకా తగ్గిస్తే గొంతు సాగిపోయి మాట చెడుతుంది.

జవాబు: మృదంగం నేర్పే వ్యక్తి, కరీంనగర్

అధ్యాపకుల వారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, తాళం వైపు నుంచి ఒక హెచ్చరిక చేర్చవలసి ఉంది. గట్టి దెబ్బ ఎక్కడ పడాలో పాట నేర్పుతుంది, నిజమే. కానీ బలహీనమైన అక్షరం ఎంత చిన్నగా ఉండాలో నేర్పదు. అదే పుట్టినరోజు పాటలో 'టు' అన్న చిన్న పదానికి ఒక పూర్తి దెబ్బ కాలం దక్కుతుంది; మాటలో దానికి అందులో నాలుగో వంతు కూడా దక్కదు. కేవలం పాడుతూ పోతే ఆ సాగదీత మాటలోకి కూడా వస్తుంది, అప్పుడు మీ మనుమరాలికి మీ ఇంగ్లీషు కొంత వింతగా వినిపిస్తుంది.

దీనికి మా విద్యలో మందు ఉంది. మృదంగం నేర్చుకునే పిల్లలు వాయించడానికి ముందు జతులను నోటితో చెబుతారు; రాగం ఉండదు, తాళం మాత్రం ఉంటుంది. మీరు కూడా పాట పాడిన వెంటనే బాణీ వదిలి, చప్పట్టు మాత్రం వదలకుండా, అవే మాటలను వచనంగా చెప్పండి. చప్పట్లు సమాన దూరంలో పడుతూ ఉండాలి, రెండు చప్పట్ల మధ్య ఎన్ని చిన్న పదాలున్నా వాటిని ఇరికించాలి. మూడోసారి చప్పట్టు కూడా వదిలి మామూలు మాటగా అనండి. న్యూయార్కులో విదేశీయులకు ఇంగ్లీషు బోధించిన కరొలిన్ గ్రాహం 1970లలో జాజ్ చాంట్స్ అనే పేరుతో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి దాదాపు ఇదే. ఆవిడ స్వయంగా పియానో వాద్యకారిణి కావడం యాదృచ్ఛికం కాదని నా ఉద్దేశం.

జవాబు: సందేహించే పాఠకుడు, జగిత్యాల

అమ్మా, మిమ్మల్ని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ అందరూ పాట గొప్పతనాన్నే చెబుతున్నారు కనుక రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. కళాశాల రోజుల్లో మా గదిలో ఇంగ్లీషు పాటలు మోగని రాత్రి ఉండేది కాదు, మాలో చాలామందికి పాటలకు పాటలు నోటికి వచ్చేవి. అదే మిత్రులు రైలులో పక్కన కూర్చున్న ఉత్తరాది ప్రయాణికుడు ఇంగ్లీషులో ఊరి పేరు అడిగితే తడబడేవారు. పాటలో తరువాతి మాట ఏమిటో ముందే తెలుసు. సంభాషణలో అది తెలియదు, అసలు కష్టమంతా అక్కడే ఉన్నది.

పెద్దల పాటలతో మరొక చిక్కు ఉంది. లయ కోసం, ప్రాస కోసం వాటిలో వ్యాకరణాన్ని ఎక్కడికక్కడ వంచుతారు. 'గోయింగ్ టు' అన్నది 'గొన్నా' అవుతుంది, 'షి డజంట్' అనవలసిన చోట 'షి డోంట్' అంటారు, ఏ రెండు పంక్తులకూ సంబంధం ఉండకపోవచ్చు. 'గొన్నా' వినడం రావాలి, అమెరికాలో అందరూ అలాగే అంటారు. అయితే వినడానికి నేర్చుకునేది వేరు, అనడానికి నేర్చుకునేది వేరు. ఇక ప్రేమ విఫలమైన పాటల్లోని పదజాలంతో ఏడేళ్ల పిల్లతో ఏం మాట్లాడతారు? పిల్లల పాటలతోనే మొదలుపెట్టండి. వాటిలోనూ పాత కాలపు మాటలు నిండినవాటిని పక్కన పెట్టి, జంతువులు, శరీర భాగాలు, రంగులు, వారాలు, వాన, ఎండ ఉన్నవాటిని ఏరుకోండి.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ప్రతి పాటకూ కొన్ని ప్రశ్నలు కట్టుకోండి. జంతువుల అరుపుల పాట పాడితే, పాట అయిపోగానే 'వాట్ డస్ ది కౌ సే?' అని మీరు అడగాలి, పిల్ల చెప్పాలి. ఆ తరువాత 'డు యు లైక్ కౌస్?', 'హూ టాట్ యు దిస్ సాంగ్?' అని పాట బయటికి రావాలి. జవాబు మీకు అర్థం కాకపోవచ్చు, కాబట్టి అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసినవి పాటల్లో లేని ఈ రెండు వాక్యాలు: 'సే ఇట్ అగైన్, ప్లీజ్', 'స్లోలీ, ప్లీజ్'. అర్థం కానప్పుడు తల ఊపి ఊరుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిల్లలు దాన్ని వెంటనే కనిపెడతారు.

జవాబు: డాలస్ నుంచి ఒక తల్లి (పుట్టిల్లు హుజూరాబాద్)

అత్తయ్య గారూ, మిమ్మల్ని ఇలా పిలవవచ్చునని అనుకుంటున్నాను, ఎందుకంటే మీ కోడలి స్థానంలో ఇక్కడ నేనూ ఉన్నాను. మా అత్తగారికీ మా పిల్లలకూ మధ్య దుబాసీగా నిలబడే పని నాదే. కాబట్టి ఈ ఒడ్డు నుంచి కనిపించే కొన్ని సంగతులు చెబుతాను.

మొదటిది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ అందరినీ ఓడించేది అదే. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి ఒకేసారి పాడడం కుదరదు. మీ గొంతు ఇక్కడికి చేరడానికి, మా గొంతు అక్కడికి చేరడానికి కొంత ఆలస్యం అవుతుంది. మాటకు ఆ ఆలస్యం తెలియదు, పాటకు మాత్రం తాళం తప్పిపోతుంది. కలిసి వాయించే సంగీతకారులకు సెకనులో 30వ వంతు ఆలస్యమే ఇబ్బంది పెడుతుందంటారు. ఖండాలు దాటే కాల్‌లో అది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా ఇద్దరూ ఒకేసారి గొంతెత్తితే, ప్రతిధ్వనిని, చప్పుడును తగ్గించే ఏర్పాటు ఒక గొంతును నొక్కివేస్తుంది. పిల్లలు దీన్ని అర్థం చేసుకోలేక 'బాపమ్మ తప్పు పాడుతోంది' అని నవ్వుతారు, పెద్దవారు చిన్నబుచ్చుకుంటారు. దీనికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. బతుకమ్మ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు కదా, అదే వరుసలో ఒక పంక్తి మీరు, ఒక పంక్తి పిల్ల పాడండి. ఒకరు ఆగిన తరువాతే ఇంకొకరు మొదలుపెడతారు కనుక ఆలస్యం ఎవరికీ తెలియదు.

రెండవది, కాల్ కన్నా వాట్సాప్ వాయిస్ మెసేజ్ మేలు. మీకు తీరిక దొరికినప్పుడు ఒక చరణం పాడి పంపండి, పిల్ల బడి నుంచి వచ్చి తరువాతి చరణం పాడి పంపుతుంది. అది మీ దగ్గర నిలిచి ఉంటుంది కాబట్టి మీరు పదిసార్లు వినవచ్చు, ఏ మాట అందలేదో ఆ ముక్కే మళ్లీ వినవచ్చు. యూట్యూబులో ఎవరో పాడినది వినడం కన్నా మీ మనుమరాలి గొంతులో ఉన్న ఇంగ్లీషు వినడమే మీకు కావలసిన అభ్యాసం. రేపు మీరు అర్థం చేసుకోవలసినది ఆ గొంతునే.

మూడవది, పిల్లను గురువును చేయండి. 'టీచ్ మీ' అని అడగండి. ఇక్కడి బడుల్లో పిల్లలు పెద్దవారికి చెప్పే సందర్భం వస్తే ఎంతో హుషారుగా చెబుతారు, మా చిన్నది మా అత్తగారి ఉచ్చారణను దిద్దేటప్పుడు దాని ముఖంలోని గాంభీర్యం చూడాలి. ఒకటి గుర్తుంచుకోండి: అక్షరమాల పాట చివరి అక్షరాన్ని మీరు 'జెడ్' అంటే పిల్ల ఒప్పుకోదు, అమెరికా పాటలో అది 'జీ', ముందరి పంక్తులతో ప్రాస కుదిరేది కూడా అప్పుడే. ఆ పాట బాణీ, మిణుకుమనే చుక్క గురించి పిల్లలు పాడే పాట బాణీ ఒక్కటే; పాత ఫ్రెంచి బాణీ అది, చుక్క పాట మాటలు 1806లో అచ్చయిన జేన్ టేలర్ పద్యం నుంచి వచ్చాయి. ఒక బాణీ నేర్చుకుంటే రెండు పాటలు మీవవుతాయి. అక్షరమాల పాటలో 'ఎల్' నుంచి 'ఓ' వరకు అక్షరాలు రెట్టింపు వేగంతో దొర్లిపోతాయి. అక్కడ అందరూ తడబడతారు, ఇక్కడి చిన్నపిల్లలు కూడా దాన్ని 'ఎలెమెనో' అనే ఒకే మాటగా అనుకుంటారు. మీరు తడబడ్డప్పుడు పిల్లతో కలిసి నవ్వండి.

చివరగా, బదులుగా మీరు కూడా ఏదైనా నేర్పండి. ఇక్కడ మన తెలంగాణవారంతా చేరి ఏటా బతుకమ్మ ఆడతారు. పిల్లలు చుట్టూ తిరుగుతారు, చప్పట్లు కొడతారు, 'ఉయ్యాలో' దగ్గర మాత్రం గొంతు కలుపుతారు. మిగిలిన పాట వారికి రాదు. ఒక చరణం మీ మనుమరాలికి వస్తే ఆ ఆటలో తానే ఎత్తుకోవచ్చు.

హనుమకొండ బాపమ్మ

అందరికీ కృతజ్ఞతలు. చప్పట్టు వేస్తూ పుట్టినరోజు పాట పాడి చూశాను, 'బర్తుడే' అన్న చోట తాళం నిజంగానే ఒరిగింది. డాలస్ అమ్మాయి చెప్పిన ఒక పంక్తి నేను, ఒక పంక్తి పిల్ల అన్న పద్ధతి నాకు బాగా నచ్చింది. రెండు సందేహాలు మిగిలాయి. ఫోనులో పాట కింద తనంత తానుగా వచ్చే అక్షరాలను నమ్మవచ్చునా? వాటిలో కొన్ని పాటకు పొంతన లేకుండా ఉన్నాయి. ఇక, మా వాడకట్టు ఆడవారికి ఇంగ్లీషు బాణీల కన్నా మన బాణీలే నోటికి సులువుగా వస్తాయి. 'ఉయ్యాలో' వరుసలో ఇంగ్లీషు మాటలు పెట్టి పాడుకుంటే తప్పవుతుందా?

జవాబు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ములుగు జిల్లా

అక్కయ్యా, తనంత తానుగా వచ్చే అక్షరాలను నమ్మవద్దు. యంత్రం మాటను విని ఊహించి రాస్తుంది, వెనుక వాద్యాలు మోగుతుంటే ఊహ తప్పుతుంది. పాటను విడుదల చేసినవారే మాటలు వేసిన వీడియోలు ఉంటాయి, వాటిని చూడండి.

రెండో సందేహానికి మా బడి అనుభవం చెబుతాను. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు, ఇంట్లో ఇంగ్లీషు వినే అవకాశమే లేని పిల్లలకు దాన్ని ఎలా అలవాటు చేయాలన్నది మాకు పెద్ద ప్రశ్న. పిల్లలకు తెలిసిన కోలాటపు వరుసలలోనే చిన్న చిన్న ఇంగ్లీషు ప్రశ్నలు, జవాబులు కట్టి పాడించాం. పాట మీద భయం ఎవరికీ లేదు కాబట్టి, పుస్తకం తెరిస్తే నోరు విప్పని పిల్లలు కూడా గుంపులో గొంతు కలిపారు. తల్లుల సమావేశానికి వచ్చిన మహిళా సంఘం వారు కొందరు అవే పాటలు విని తామూ పాడతామన్నారు. వారిలో చదువు రానివారు కూడా ఉన్నారు. మీ వాడకట్టు గుంపులో అక్షరాలు రానివారు ఉంటే వారిని పక్కన పెట్టవద్దని అందుకే చెబుతున్నాను. పెద్ద గుంపులో ఒక గొంతు తడబడితే వినిపించదు, మొహమాటం పోవడానికి అంతకన్నా మంచి మందు లేదు. నాలుగు రోజులు గడిచాక మాత్రం ఎత్తుకునే బాధ్యతను మీరొక్కరే ఉంచుకోకుండా వంతులవారీగా అందరికీ ఇవ్వండి. అందుకునేవారికి వినడం వస్తుంది కానీ వాక్యాన్ని మొదలుపెట్టే ధైర్యం రాదు.

మా పాటలు ఇలా ఉంటాయి. ఒకరు 'వాట్ డిడ్ యు ఈట్, ఉయ్యాలో' అని ఎత్తుకుంటారు. రెండో వారు 'ఐ ఏట్ ఎ దోస, ఉయ్యాలో' అంటారు. తరువాతి వంతు వచ్చిన వారు దోసకు బదులు తాము తిన్నది చెప్పాలి, అంటే జవాబు ముందే తెలిసినది కాదు. పైన జగిత్యాల వారు చెప్పిన ఇబ్బంది దీంతో కొంతవరకు తీరుతుందనుకుంటున్నాను.

జవాబు: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, కాజీపేట

ఉపాధ్యాయురాలి ఉదాహరణ నాకు చాలా నచ్చింది, అది లయకు ఎందుకు సరిపోయిందో కూడా చూడండి. మొదటి పంక్తిలో చప్పట్లు 'వాట్' మీద, 'ఈట్' మీద పడుతున్నాయి. రెండో పంక్తిలో 'ఏట్' మీద, 'దో' మీద పడుతున్నాయి. మాటలో ఊనిక పడేదీ అక్కడే. 'ఐ', 'ఎ' అన్నవి తాళానికి పక్కన ఒదిగి ఉన్నాయి. అన్ని వాక్యాలూ ఇలా కుదరవు. 'ఐ వెంట్ టు ది మార్కెట్' అన్నదాన్ని అదే వరుసలో పెడితే చప్పట్టు 'టు' మీద పడే ప్రమాదం ఉంది, దాన్ని వందసార్లు పాడితే ఆ తప్పే స్థిరపడుతుంది. కాబట్టి కొత్త పంక్తి కట్టిన ప్రతిసారీ ముందుగా దాన్ని మాటగా అని, బరువు ఎక్కడ పడిందో చూసుకొని, ఆ తరువాతే వరుసలో పెట్టండి. అనుమానం వస్తే వాయిస్ మెసేజ్‌లో మనుమరాలితోనే ఆ వాక్యం అనిపించుకోండి, గురువు దగ్గరే ఉన్నది కదా.

జవాబు: మృదంగం నేర్పే వ్యక్తి, కరీంనగర్

'మార్కెట్' వాక్యం కూడా కుదురుతుంది. 'వెంట్' మీద ఒక చప్పట్టు, 'మార్' మీద ఒక చప్పట్టు వేసి, మధ్యలో ఉన్న 'టు ది' రెండింటినీ ఒక అర దెబ్బలో ఇరికిస్తే సరి. మొదట్లో నాలుక తిరగదు, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకోవాలి.

జవాబు: డాలస్ నుంచి ఒక తల్లి

అత్తయ్య గారూ, వేళల సంగతి చెప్పడం మరిచాను. మీకు ఉదయం ఏడు గంటలైతే ఇక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, పిల్లలు పడుకునే ముందు తీరికగా ఉండే వేళ అది. మీకు సాయంత్రం ఆరంటే మాకు ఉదయం ఏడున్నర, బడికి బయలుదేరే హడావుడిలో ఏ పిల్లా పాడదు. మీ వాడకట్టు వారంతా కలిసి పిల్లకు వినిపించాలనుకుంటే శనివారం రాత్రి తొమ్మిదికి కూర్చోండి, మాకు అప్పుడు శనివారం ఉదయం పదిన్నర. నవంబరు మొదటి ఆదివారం నాడు ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి, మార్చి రెండో ఆదివారం వరకు ఈ లెక్కలన్నింటిలో మా వేళకు ఒక గంట తగ్గించుకోండి.